విక్టర్ హార్బర్‌లో వందనాలు

శనివారం పొద్దున్నే అడిలైడ్ శివారు మాసన్ లేక్స్ మీద వాన మొదలైంది. జులై నెల, అక్కడ చలికాలం. ముగ్గురు స్టూడెంట్లూ కలిసి అద్దెకున్న ఇంట్లో వంటింటి కిటికీ అద్దం మీద నీళ్ళు ధారలు కడుతుంటే, ఆదిత్య దుప్పటి కప్పుకునే వచ్చి బయటికి తొంగిచూశాడు.

"గిదేంది, గిట్ల కొడుతుంది వాన? క్యాన్సిల్ చేద్దాం. ఈ వానల సముద్రం కాడికి ఎవడన్న పోతడా?"

"మనం పోతాం," అంది లీల. బ్రెడ్డు ముక్కల మీద టమాటా పచ్చడి రాస్తూ, వెనక్కి కూడా తిరగలేదు.

"తడిస్తే జరం వస్తది."

"వస్తే పారాసెటమాల్ ఇస్తా. ముందు ఆ దుప్పటి తీసి జాకెట్ వేసుకో. బస్సు మనకోసం ఆగదు."

శ్రీదివ్య తల దువ్వుకుంటూ వచ్చింది. "వెళ్దాం లేరా. యూనివర్సిటీ తెరిచారంటే మళ్ళీ ఊపిరాడదు. అన్నట్టు లీలా, రేపు నేనూ నీతో గుడికొస్తానే. రిజల్ట్స్‌లో గట్టెక్కితే కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నా."

పచ్చడి చెంచా బ్రెడ్డు మీద ఆగిపోయింది.

"రేపా?"

"ఆదివారం ఆదివారం నువ్వెలాగూ పోతావుగా. తోడుంటా."

"చూద్దాంలే," అంది లీల. చెంచా మళ్ళీ కదిలింది కానీ, ఆ ముక్క మీద పచ్చడి అవసరానికి మించి పడింది.

లీల అన్నది బడిలో రాయించిన పేరు. ఇంట్లో, పేటలో, గుళ్ళో ఆమె ప్రిస్సిల్లా. ముద్దుగా ప్రిస్సీ. బాపట్ల అవతల, రాత్రి అలికిడి తగ్గితే అలల చప్పుడు వినిపించేంత దగ్గరలో వాళ్ళ పేట. దళిత క్రైస్తవుల ఇళ్ళలో రెండు పేర్లు వింత కాదు. మతం మారితే కులం పోయిందంటుంది చట్టం. ఊరు మాత్రం అలా అనదు. ఆ రెండింటి మధ్యా నలిగే తల్లిదండ్రులు పిల్లలకి బడికో పేరు, బతుక్కో పేరు పెట్టుకుంటారు. ఇది మోసం అనేవాళ్ళున్నారు. అసలు మోసం ఎవరు మొదలుపెట్టారో వాళ్ళు ఎప్పుడూ అడగరు.

ఆ పేటలో చర్చిని చర్చి అనరు, గుడి అంటారు. గుడి గంట, గుడి అయ్యగారు, ఆదివారం గుడి. అందుకే అమ్మ ఫోన్ చేసి "గుడికెళ్ళావా ప్రిస్సీ?" అంటే, లీల అందరి ముందే "వెళ్ళొచ్చానమ్మా" అనేది. పక్కనే ఉన్న శ్రీదివ్య, ఎంత భక్తో ఈ పిల్లకి అని మురిసిపోయేది. ఒకసారి "ప్రసాదం తేలేదేంటే?" అని అడిగితే "అక్కడ ఇవ్వరు" అంది లీల. అదీ నిజమే. గుడి అన్న ఆ ఒక్క మాట అన్నాళ్ళుగా ఆమెకి గొడుగులా పనిచేసింది. ఒక్క అబద్ధమూ ఆడకుండా నెట్టుకొచ్చింది. రేపు మాత్రం ఆడాలి. లేదా చెప్పాలి.

చెప్పడానికి ఏమంత భయం? దానికో కారణముంది. ఇంట్లో దిగిన మొదటి రోజే శ్రీదివ్య ఉల్లిపాయలు తరుగుతూ, "ఏమీ అనుకోకే, మీరేంట్లు?" అని అడిగింది. ఏమీ అనుకోవద్దన్నాక వచ్చేది అనుకోవలసిన మాటేనని మనకందరికీ తెలుసు. "మాది బాపట్ల దగ్గర," అని, కులమడిగితే ఊరడిగినట్టు జవాబిచ్చింది లీల. శ్రీదివ్య మళ్ళీ అడగలేదు. బాగా చదువుతుంది, శుభ్రంగా వండుతుంది, కాబట్టి తమవాళ్ళమ్మాయే అని తనకు తనే తేల్చేసుకుంది.

ఆ తర్వాత ఒక సాయంత్రం, లీలకంటే ముందు ఆ గదిలో ఉండి వెళ్ళిపోయిన అమ్మాయి మాట వచ్చింది. "కన్వర్టెడ్ అంట. ముందే చెప్పాలి కదే. నా గిన్నెల్లోనే వండేది," అంది శ్రీదివ్య, చాలా మామూలుగా.

ముందే చెప్పడానికి అదేమన్నా అంటుజబ్బా? విమానం ఎక్కేటప్పుడు మన పెట్టెలు తూస్తారు గానీ కులాన్ని తూచరు. ఎంత కావాలంటే అంత తెచ్చుకోవచ్చు, దింపేచోట అడిగేవాడు కూడా ఉండడు. ఆ మాట విన్నప్పుడు లీల గిన్నె కడుగుతోంది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

శ్రీదివ్య చెడ్డపిల్ల అయితే లీల పని తేలికయ్యేది. ఇంకో ఇల్లు చూసుకుని వెళ్ళిపోయేది. కానీ లీలకి జ్వరం వస్తే మిరియాల చారు కాచి, మంచం పక్కన కూచుని తాగించింది శ్రీదివ్యే. పార్ట్‌టైమ్ నుంచి ఆలస్యమైతే బస్టాపు దాకా ఎదురొచ్చేదీ ఆమే. తెనాలి నుంచి వాళ్ళమ్మ పంపిన సున్నుండల్లో సగం లీలకే పెట్టేది. ఒక్క ఎంగిలి దగ్గర మాత్రం కచ్చితం. ఎవరి సీసాకీ పెదవి తగలనివ్వదు, ఎత్తి పోసుకుంటుంది. "మా అన్న తాగిన గ్లాసులోనే తాగను, తెలుసా?" అని గొప్పగా చెప్పేది. ఈ స్నేహం పోతుందన్నదే లీల భయం. ఇల్లు కాదు, గది కాదు, మిరియాల చారు.

బస్సు విక్టర్ హార్బర్‌లో దింపేసరికి వాన ఇంకా పెరిగింది. ఆదిత్య గొడుగు తెరవగానే గాలి దాన్ని వెనక్కి తిప్పేసింది. అతను దాన్ని మళ్ళీ లాగాడు, అది మళ్ళీ తిరగబడింది.

"చూడు, గొడుగే ఇంటికి పోదామంటుంది," అన్నాడు.

"గొడుగుని పంపించెయ్, నువ్వుండు," అంది శ్రీదివ్య.

ఎదురుగా సముద్రం. బూడిదరంగులో, నురగలు కక్కుతూ. దూరంగా గ్రానైట్ ఐలండ్, దాని దాకా నీళ్ళ మీదుగా పొడవాటి వంతెన. మామూలు రోజుల్లో ఆ వంతెన మీద గుర్రం ట్రామును లాగుతుందట, ఆ రోజు వాతావరణం బాగాలేదని ఆపేశారు. అయినా జనం ఉన్నారు. ఒక తెల్ల ముసలాయన నిక్కరు వేసుకుని, మోకాళ్ళ మీద వాన పడుతుంటే, కుక్కని తిప్పుతున్నాడు. ఒక కుటుంబం కారు డిక్కీ పైకెత్తి దాని కింద కూచుని, చేపలూ చిప్సూ తింటూ, సముద్రాన్ని టీవీ చూసినట్టు చూస్తోంది.

లీల అలా చూస్తూ నిలబడిపోయింది. వాళ్ళ ఊళ్ళో వానా, సముద్రపు హోరూ కలిసి వస్తే మైకులో చాటింపు వస్తుంది. బియ్యం మూట, దుప్పటి, బైబిలు, కోళ్ళగంప పట్టుకుని తుఫాను షెల్టరుకి పరుగు. నాయనమ్మ చిన్నతనంలో ఆ షెల్టర్లు కూడా లేవట, ఊరి బడిలో తలదాచుకున్నారు. ఊరి వాళ్ళు గదుల్లో, పేట వాళ్ళు వసారాలో. దాహమంటే కుండ ముట్టనివ్వలేదు. దోసిలి పట్టమని పైనుంచి పోశారు. "అంత గాలిలో పైనుంచి పోస్తే దోసిట్లో ఏం పడతాయే అమ్మడూ? సగం గాలే తాగింది," అని నాయనమ్మ నవ్వుతూ చెప్పేది. నవ్వుతూ ఎందుకు చెప్పేదో లీలకి ఇప్పటికీ తెలీదు.

అలాంటి వానలోకి, అలాంటి సముద్రం దగ్గరికి, ఇక్కడి జనం సరదాకి వస్తున్నారు! లీల బూట్లు విప్పి, సాక్సులు వాటిలో కుక్కి, తడి ఇసుకలోకి పరిగెత్తింది.

"ఒసేయ్, పిచ్చిదానా! నీళ్ళు ఐసులా ఉంటాయే!" శ్రీదివ్య వెనకనుంచి కేక పెట్టింది. కేక పెట్టి, తనూ బూట్లు విప్పింది.

అల వచ్చి పాదాలు కొరికింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గంతులేశారు. లీల నోరు తెరిచి వానని నాలిక మీద పట్టుకుంది. గాలికి మాటలు వినపడక అరుచుకుంటూ మాట్లాడుకున్నారు. ఒడ్డున ఆదిత్య చిప్సు పొట్లం తెచ్చి విప్పాడో లేదో, ఒక సీగల్ వచ్చి పెద్ద ముక్కొకటి తన్నుకుపోయింది. "అరే! అండ్ల మస్తు పెద్దది గదే!" అని అతను ఆ పక్షి వెంట పడ్డాడు. లీలకి నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పెట్టాయి. రేపటి మాట కాసేపు గుర్తులేదు.

వాన దంచేసరికి ముగ్గురూ ఒడ్డున ఉన్న చెక్క షెల్టర్‌లోకి దూరారు. మూడు వైపులా గోడ, ముందు సముద్రం, మధ్యలో పొడుగాటి బల్ల. పచ్చడి బ్రెడ్డు తింటూ ఉండగా మరో ఇద్దరు గబగబా లోపలికొచ్చారు. పెద్దాయన కోటు దులుపుకుంటున్నాడు. వెనకే పెద్దావిడ, వానకి తడవకుండా తెల్ల స్కార్ఫు తల నిండా కప్పుకుని, అంచు గడ్డం కింద పట్టుకుని.

"తెలుగు వినపడిందండీ, నిజంగానే తెలుగు పిల్లలే," అంటూ నవ్వింది.

తల మీద తెల్లటి ముసుగు, దాని కింద నవ్వుతున్న పెద్దవయసు మొహం. ప్రతి ఆదివారం గుడి వాకిట్లో లీల చూస్తూ పెరిగిన మొహాల్లాంటిదే అది. చేతులు వాటంతటవే కలిశాయి. నోరు దాని దారిన అది అనేసింది.

"వందనాలండీ."

"వందనాలమ్మా!" పెద్దావిడ మొహం వెలిగిపోయింది. "ఏ సంఘం తల్లీ మీది?"

గుడికి రెండర్థాలున్నాయి. వందనాలకి లేవు. తెలుగునాట ఎవరైనా ఎదుటి మనిషికి నమస్కారం బదులు వందనాలని అంటే, ఆ మనిషి ఏ దేవుణ్ణి కొలుస్తాడో తెలిసినవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. సంఘమంటే ఆవిడ అడిగింది ఏ చర్చి అని.

అంతలో ఆదిత్య నోట్లో బ్రెడ్డుతోనే జవాబిచ్చాడు. "యూని తెలుగు సంఘం ఆంటీ. మొన్న ఉగాదికి ప్రోగ్రాం గూడ చేసినం. నేను కమిటీల ఉన్న."

పెద్దాయన ఫక్కున నవ్వాడు. పెద్దావిడ "అది కాదు బాబూ, నేనడిగేది..." అంటూ లీల వైపు తిరిగి, ఆ మొహం చూసి, చటుక్కున ఆగిపోయింది. ఆవిడ పేరు సువర్ణకుమారి. భీమవరం నుంచి వచ్చి, అడిలైడ్ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరైంది. నొప్పి లేదంటూ పళ్ళు బిగబట్టే రోగుల్ని ఎంతమందిని చూసిందో.

"మంచి సంఘమే బాబూ," అంది. "టీ తాగుతారా? అల్లం వేసి పెట్టా."

ఫ్లాస్కుకి కప్పు ఒక్కటే, దాని మూత. మొదటి వంతు శ్రీదివ్యకి వచ్చింది. అలవాటు ప్రకారం మూతని నోటికి జానెడెత్తున పట్టుకుని ఒంచింది. సముద్రపు గాలి ఆ ధారని గాల్లోనే పట్టుకుని ఆమె చెంప మీదా, మెడ మీదా, జాకెట్ మీదా చల్లేసింది.

"అబ్బా, కాలిందే!"

"ఎత్తి తాగితే గట్లనే అయితది," అని ఆదిత్య పడీపడీ నవ్వాడు. "గాలికి టీ పోసినవ్, పుణ్యం దక్కుతది."

లీల నవ్వబోయి నవ్వలేకపోయింది. సగం గాలే తాగింది, అన్న నాయనమ్మ గొంతు చెవిలో వినిపించింది. జేబు రుమాలు తీసి శ్రీదివ్య మెడ తుడిచింది. కాలినచోట మెల్లిగా ఊదింది.

పెద్దాయన, దయానందం, సముద్రం మీదికి చూస్తున్నాడు. "ఈ నెలల్లో తిమింగలాలు ఒడ్డు దాకా వస్తాయి. అందుకే ప్రతి ఏడూ వస్తాం. ఇవాళ అదీ కనపడేట్టు లేదు. కంగారు పడక్కర్లేదు, మింగినా మూడో రోజున మర్యాదగా ఒడ్డున దింపుతుంది."

లీల ఒక్కతే కిసుక్కున నవ్వింది. బైబిల్లో పెద్ద చేప మింగి, మూడు రోజులకి ఒడ్డున కక్కిన యోనా కథ తెలిసినవాళ్ళకే అందే హాస్యం అది. ఆదిత్య, శ్రీదివ్య మొహమొహాలు చూసుకున్నారు.

"ఏంటే నువ్వు?" శ్రీదివ్య మోచేత్తో పొడిచింది. "ఇందాకేమో మీటింగులో స్పీచిచ్చేదానిలా వందనాలన్నావు. ఇప్పుడు ఎవరికీ అర్థంకాని జోకుకి నవ్వుతున్నావు."

"నీ పేరేంటమ్మా?" అన్నాడు దయానందం.

"మీకెందుకండీ అవన్నీ? టీ తాగనివ్వండి వాళ్ళని," అని సువర్ణకుమారి అడ్డుపడింది.

అడ్డుపడిందని లీలకి అర్థమైంది. తనని దాచడానికి ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి అడ్డం పెడుతోంది. అక్కడ మాసన్ లేక్స్‌లో తనని తను దాచుకుంటోంది. ఇంకా ఎంతమంది చేతులు కావాలి? ఎదురుగా వాన, సముద్రం. వీటిని రెండింటినీ చూసి పరిగెత్తకుండా నిలబడింది కూడా ఈ రోజే.

"ప్రిస్సిల్లా అంకుల్," అంది. "మాది లూథరన్ సంఘం. బాపట్ల దగ్గర."

"మరి లీల ఎవరు?" అన్నాడు ఆదిత్య.

"అదీ నేనే. బడిలో లీల, ఇంట్లో ప్రిస్సిల్లా."

ఆదిత్య ఒక్క క్షణం ఆలోచించాడు. "మా తాతక్కూడ గంతే. ఇంట్ల బుచ్చయ్య, రేషన్ కార్డుల రాజయ్య. సచ్చేదాంక పోస్టుమ్యాన్‌తోటి లొల్లే." ఇంకో బ్రెడ్డు ముక్క తీసుకున్నాడు. అతనికి ఆ సంగతి అక్కడితో అయిపోయింది. కొందరికి అంత తేలిగ్గా అయిపోతుంది.

శ్రీదివ్య మాత్రం రుమాలు చేతిలో నలుపుతూ, కిందికి చూస్తూ అంది.

"ముందే చెప్పాలి కదే."

లీల ఇన్నాళ్ళూ ఏ మాటకి భయపడిందో, అచ్చం అదే మాట.

సువర్ణకుమారి లేచింది. "పదండి, తిమింగలం వచ్చిందేమో చూద్దురు గాని. బాబూ, నువ్వూ రా, ఆయన కాలు జారతాడు, చెయ్యి పట్టుకో." వెళ్తూ ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలోకి వంచి, లీల చేతికిచ్చి, ఆ చేతిని ఒకసారి గట్టిగా నొక్కింది. ముగ్గురూ వానలోకి వెళ్ళిపోయారు.

"చెప్తే?" అంది లీల. "గిన్నెలు వేరే పెట్టుకునేదానివా?"

శ్రీదివ్య మొహం ఎర్రబడింది. "నేనెప్పుడన్నానే అలా?"

"అన్నావు. నాకు ముందున్న అమ్మాయిని. నేను గిన్నెలు కడుగుతుండగా అన్నావు."

శ్రీదివ్యకి గుర్తొచ్చింది, రుమాలుని ఇంకా చిన్నగా మడిచింది. పైకప్పు మీద వాన హోరు. తలెత్తకుండా గొణిగింది. "మా ఇంట్లో అలా అంటారే. నోటికొచ్చేసింది."

"నాకూ ఇందాక నోటికొచ్చేసింది. మా ఇంట్లో వందనాలంటారు. నీ నోటికొచ్చింది నువ్వు మర్చిపోయావు. నాకొచ్చిందానికి మాత్రం ప్రాణం పోయింది. తేడా చూశావా?"

లీల అక్కడితో ఆగలేదు. "ఇన్నాళ్ళూ నా చేతి వంట తిన్నావు."

"తిన్నా," అంది శ్రీదివ్య. ముక్కు ఎగబీల్చింది. "గుత్తొంకాయ మా అమ్మకంటే బాగా చేస్తావు."

అక్కడ ఆ మాటకి నవ్వు రాకూడదు. వచ్చింది. లీల దాన్ని దాచుకోవడానికి సముద్రం వైపు తిరిగింది.

"ఆ అమ్మాయి క్యాంపస్‌లో కనపడితే తల తిప్పుకుపోతుంది," అంది శ్రీదివ్య. "పొగరనుకున్నా. నిన్ను కూడా పోగొట్టుకునేదాన్ని, తెలీకుండానే. సారీయే."

"నాకు కాదు. ఆ అమ్మాయికి చెప్పు."

"వింటుందంటావా?"

"వినకపోవచ్చు. వినాలనేముంది? నువ్వు చెప్పాలి, అంతే."

లీల టీ సగం తాగి, మూత ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టింది. మొహం మీద పడ్డ తడి జుట్టు తీసుకోవడానికి పెట్టింది, ఇంకేమీ ఆలోచించి కాదు. శ్రీదివ్య ఆ మూతని చూసింది. బయట గాలి ఎలా కొడుతోందో చూసింది. రెండు చేతులతో దాన్ని తీసుకుని, పెదవులకి ఆనించి, మిగిలిన టీ తాగేసింది.

"చల్లారిపోయింది," అంది.

"మరి ఇంతసేపు మాట్లాడించావుగా," అంది లీల.

తిమింగలం రాలేదు. వచ్చిందని ఆదిత్య ఒట్టేసి చెప్పాడు, దయానందం అది రాయి అన్నాడు. సువర్ణకుమారి వెళ్తూ లీల తల నిమిరి, "మళ్ళీ కలుద్దాం తల్లీ, వందనాలు," అంది. లీల ఈసారి గట్టిగానే జవాబు చెప్పింది.

తిరుగు బస్సులో అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉండగా అమ్మ ఫోన్ వచ్చింది.

"ఎక్కడున్నావు ప్రిస్సీ? ఆ చప్పుడేంటి?"

"వానమ్మా. సముద్రం దగ్గరికొచ్చాం."

"వాయుగుండమా? షెల్టరుకి వెళ్ళారా?" అమ్మ గొంతు అదిరిపోయింది.

"వెళ్ళాం. బ్రెడ్డు తిన్నాం. సరదాకొచ్చామమ్మా."

"వాన్లో? సముద్రం దగ్గరికి? సరదాకా?" అమ్మ ఒక్కో మాటా విడివిడిగా అడిగింది. "అందరూ ఒకేచోట ఉన్నారా మరి?"

"అందరం ఒకేచోట ఉన్నామమ్మా," అంది లీల.

"సరే, తల తుడుచుకో. రేపు గుడికెళ్ళు."

"వెళ్తానమ్మా."

ఫోన్ పెట్టేసింది. అది ఏ గుడో ఈసారి పక్కనున్న మనిషికి తెలుసు. శ్రీదివ్య చొక్కా చేత్తో అద్దం మీది ఆవిరి తుడిచింది, లీలకి సముద్రం కనపడేలా.

"రేపు నీతో రాలేనే," అంది శ్రీదివ్య మెల్లిగా. "మొక్కు మావాడికి కదా. మీ దేవుడి దగ్గర కొబ్బరికాయ కొడితే ఏమనుకుంటాడో."

"చెప్పులు విప్పమంటారేమో, కాయ మాత్రం కొట్టనివ్వరు," అంది లీల.

"స్టేషన్ దాకా కలిసి వెళ్దాం. నువ్వు సాలిస్‌బరీ వైపు, నేను సిటీ వైపు. ఎదురెదురు ప్లాట్‌ఫారాలేగా." లీల వైపు తిరిగి అడిగింది. "మీ గుళ్ళో ప్రసాదం నిజంగానే పెట్టరా?"

"ప్రసాదం కాదు. నెలకోసారి అందరూ వండి తెచ్చి భోజనాలు పెడతారు. రేపే. చికెన్ బిర్యానీ."

"ఇన్నాళ్ళూ ఒక్కదానివే తింటున్నావా?" శ్రీదివ్య లీల భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది. "ఇదే ముందే చెప్పాల్సింది! రేపు నా డబ్బా పట్టుకెళ్ళు, పెద్దది."